మెహర్ కూర్చున్న తరగతి

పిల్లల వార్డులో పనిచేస్తుంటే ఒక్కోసారి కారిడార్ చివరి నుంచి ఇనుప పట్టీల బూటు నేలను రాసుకుంటూ వచ్చే చప్పుడు వినబడుతుంది. నా చెయ్యి ఆగిపోతుంది. సౌదీలోని ఈ హుఫూఫ్‌లో నర్సుగా చేరి పదమూడేళ్ళయినా ఆ చప్పుడుకు అలవాటు పడలేదు. మెహర్ అలాగే నడిచేది. ఆ పిల్ల వేలు పట్టుకుని నడిపించుకొచ్చే జులేఖా టీచర్ గుర్తుకొస్తుంది.

టీచర్‌ది కడప. భర్త ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో ఎలక్ట్రీషియన్. మనవాళ్ళ పిల్లల కోసం ఒక విల్లాలో నడిచే బడిలో ఆమె నాలుగేళ్ళ పిల్లలకు చెప్పేది. మా అమ్మాయి బ్లెస్సీ అక్కడే చదివేది. ఆ ఏడాది ఆమె మెహర్‌ను చేర్చుకుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ కూతురు, ఐదేళ్ళది. చేతులు వణికేవి, చొంగ కారేది, మాట లేదు. అంతకుముందు రెండు బడులు గుమ్మంలోంచే తిప్పి పంపాయి. టీచర్ మాత్రం ఆ పిల్లను అందరి మధ్యన కూర్చోబెట్టింది.

నెల తిరక్కుండానే బ్లెస్సీ ఇంట్లో మెహర్‌లా మూలగడం మొదలుపెట్టింది. అసలే మా పిల్లకు మాటలు ఆలస్యం. బయటివాళ్ళ ముందు నోరు విప్పేది కాదు. నర్సునై ఉండి కూడా, అదేదో అంటుకునే జబ్బయినట్టు భయపడ్డాను. మెహర్‌ను తీసెయ్యమని తల్లులు కొందరు బడి యజమానికి కాగితం రాస్తే నేనూ సంతకం పెట్టాను. మర్నాడు టీచర్‌తో, "మా అమ్మాయి కూడా అలా అయిపోతుందేమోనండి" అన్నాను. కాగితం సంగతి చెప్పలేదు.

ఆమె కోప్పడలేదు. "ఒక పొద్దు వచ్చి మూల కూచోమ్మా. నేను చెప్తే నమ్మవు, నువ్వే చూడు" అంది.

డ్యూటీ లేని రోజున వెళ్ళాను. పాలు తాగే వేళ. మెహర్ గ్లాసు ఎత్తితే సగం ఒలికిపోతోంది. నేను లేవబోతే టీచర్ చేత్తో వారించింది. బ్లెస్సీ పక్కకు జరిగి గ్లాసు అడుగున అరచెయ్యి పెట్టింది. తను ఎత్తలేదు, తొందరపెట్టలేదు. మెహర్ తనంతట తనే తాగి, ఏదో మూలిగింది. ఎవరితోనూ మాట్లాడని మా పిల్ల తరగతంతా వినేలా చెప్పింది: "టీచర్, మెహర్‌కి ఇంకొన్ని పాలు కావాలంట."

టీచర్ నా పక్కకొచ్చి నిలబడింది. "ఆ పిల్ల కోసమని నీ కూతురు మాట నేర్చుకుంటాండాది. మెహర్‌ను తీసేస్తే ఇద్దరికీ నష్టమేనమ్మా."

అటునుంచి అటే యజమాని గదికి వెళ్ళి నా పేరు కొట్టెయ్యమని అడిగాను. "సర్కారు మన కుటుంబాల మీద తలకింతని లెవీ వేసినప్పటి నుంచి నెలకో ఇల్లు ఖాళీ అవుతోంది సిస్టర్. ఉన్న పిల్లల్ని పోగొట్టుకోలేను. మీరంతా రాసిందే కదా" అన్నాడాయన. ఆ వారమే మెహర్‌ను ఇంటికి పంపేశారు. టీచర్‌కు కాగితం చూపించారు. "నువ్వన్నా ముందే వచ్చి చూసింటే బాగుండు" అంది నాతో.

తర్వాత సాయంత్రాలు తన ఇంట్లోనే మెహర్‌కు చెప్పేది. "ఒక్కదాన్నే కూచోబెడితే రాదమ్మా, తోడు పిల్లోళ్ళు కావల్ల" అంటే నేను బ్లెస్సీని తీసుకెళ్ళేదాన్ని. మిగతా తల్లులెవరూ పంపలేదు. రెండు నెలలైనా గడవలేదు. సౌదీలను సరిపడా తీసుకోలేదని ఆమె భర్త కంపెనీ నితాఖత్ లెక్కల్లో ఎరుపు జాబితాలో పడింది. అక్కడ ఉండడానికిచ్చే ఇకామా రెన్యువల్ కాలేదు. ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద వాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోయారు. లెవీ కట్టలేక మెహర్ తండ్రి కూడా తల్లీకూతుళ్ళను హైదరాబాద్ పంపేశాడు. కొన్నాళ్ళకు ఆ తల్లికి ఫోన్ చేశాను. "ఇక్కడ ఏ బడిలో తీసుకుంటలేరు సిస్టర్. గ్లాసిస్తే మొఖం తిప్పుకుంటది. ఇప్పుడు నేనే తాపాలె" అంది. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు.

పిల్ల తనంతట తాను చేసేదాకా ఆగడం టీచర్ దగ్గరే నేర్చుకున్నాను. వార్డులో నన్ను ఓపికమంతురాలంటారు. విన్నప్పుడల్లా తల దించుకుంటాను.

బ్లెస్సీకి ఇప్పుడు పన్నెండేళ్ళు. మొన్న అడిగింది, "అమ్మా, మెహర్ బడి ఎందుకు మానేసింది?" అని.

"వాళ్ళు ఊరెళ్ళిపోయారు కదమ్మా."

"కాదు. మానేశాక కూడా టీచర్ వాళ్ళింట్లో కలిసి ఆడుకునేవాళ్ళం."

అది నా ముఖం వైపే చూస్తూ, తొందరపెట్టకుండా కూర్చుంది.