నాలుగొందల గీత

1996 వానాకాలం. అప్పటికి నేను భిలాయిలో ఓ చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పెరిగింది సెక్టర్ 2లో, కిరాణా కొట్లు నడిపే మనుషుల మధ్య. అందుకే రోగి చేత మాత్ర మింగించాలన్నా నాకు బేరమాడటమే వచ్చు. ఆ తెలివి ఒకసారి మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

ఉతై దగ్గర పల్లె నుంచి అప్పలసూరిని అతని భార్య పైడమ్మ, అన్న సింహాద్రి తీసుకొచ్చారు. విజయనగరం వైపు నుంచి ఇటుకబట్టీ పనికొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు. నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువవుతాయని గొంతు తడిపి ఊరుకున్నారు. పైగా ఒంటినొప్పులకి ఊళ్ళో సూదిమందు వేయించారు. మూత్రం ఆగి రెండు రోజులైతే, "ఏటీ తాగనోడికి ఏటొస్తాది" అనుకున్నారట!

ఎక్యూట్ రీనల్ ఫెయిల్యూర్ అనేవాళ్ళం దాన్ని. ఒంట్లో నీళ్ళు తగ్గి, ఆ సూదిమందూ తోడై, కిడ్నీలు హఠాత్తుగా పని మానేయడం. వేళకి చూస్తే చాలామందికి మళ్ళీ పనిచేస్తాయి. అప్పటిదాకా మెషిన్‌తో రక్తం శుభ్రం చేయాలి, అదే డయాలసిస్.

"రేపటిదాకా చూసి మెషిన్ పెడదాం," అన్నారు డాక్టరుగారు. సింహాద్రి ససేమిరా అన్నాడు. గంటసేపు వాదించి, విసుగెత్తి, మూత్రం కొలిచే జాడీ మీద నాలుగొందల మిల్లీలీటర్ల గీత చూపించాను.

"సరే అన్నా, పొద్దుటికి నాలుగొందలు దాటితే మెషినొద్దని నేనే చెప్తాను."

పొద్దున్న చూస్తే నాలుగొందల యాభై. చార్టులో రాసి మురిసిపోయాను. డాక్టరుగారు డయాలసిస్ వాయిదా వేశారు. మధ్యాహ్నం రిపోర్టొచ్చింది. క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినం, తగ్గకపోగా పెరిగింది. అప్పలసూరికి ఆయాసం, కాళ్ళ వాపు. కల్తీ నూనెను వాసనతో పట్టే ఇంట్లో పెరిగిన నాకు అప్పుడుగానీ అనుమానం రాలేదు.

"పైడమ్మా, అందులో నీళ్ళు కలిపారా?"

"నీళ్ళేటమ్మా! బావ పోసినాడు."

"ఏం పోశాడు?"

సింహాద్రి తల దించలేదు. "నాదే పోసినాను. ఒక తల్లి బిడ్డలం, ఒకటే రక్తం. నాదైతేనేటి, ఆడిదైతేనేటి?"

"నీ కిడ్నీల సంగతి ఎవడడిగాడయ్యా!" అని అరిచాను.

"గీత నువ్వే సూపించావు గదా సిస్టరమ్మా."

మెషినంటే ఎందుకంత భయమని అప్పుడడిగాను, మొదటిసారి.

"ఎక్కినోడు మరి దిగడంట," అంది పైడమ్మ ఏడుస్తూ. "మా ఊర్లో ఒకాయన్ని సచ్చేదాకా తిప్పారు."

ఆయనవి షుగరుతో ఏళ్ళ తరబడి పాడైన కిడ్నీలు. ఇతనివి వేరు, మెషిన్ కొన్నాళ్ళే. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నిన్న నాకు నోరు రాలేదు. ఇప్పుడు చెప్పాను.

"అయితే రెండుసార్లు సాలదా?" అన్నాడు సింహాద్రి.

"ఎన్నిసార్లో నాకు తెలీదన్నా. ఇంకా ఆలస్యం చేస్తే గుండె ఆగుతుంది."

పైడమ్మ బావ వైపు చూడకుండానే మెషిన్‌కి ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేసింది.

నాలుగుసార్లు మెషిన్ పెట్టాం. పదో రోజుకి అతని కిడ్నీలు మళ్ళీ పనిచేయడం మొదలెట్టాయి.

ఆ తర్వాత ఇలాంటి కేసు ఏదొచ్చినా, "మెషిన్ గురించి మీ ఊళ్ళో ఏమంటారు?" అని ముందే అడిగేదాన్ని. "ఎక్కితే దిగరంట," అనేవారు దాదాపు అందరూ. అప్పుడు ఓపిగ్గా, కొన్నిసార్లు పళ్ళు కొరుక్కుంటూ, దిగి తన కాళ్ళతో నడిచి ఉతై బస్సెక్కిన మనిషి గురించి చెప్పేదాన్ని.