రవ్వ బదులు బియ్యప్పిండి

ఒడిశా రాయగడలో మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది నేనొక్కదాన్నే. అందుకని, కోరాపుట్‌లో చలికాలం జరిగే పాటల, కళల ఉత్సవంలో సైన్స్ స్టాల్ పెట్టమని పైనుంచి కాగితం వచ్చినప్పుడు అది తిన్నగా వచ్చి నా బల్ల మీదే వాలింది. మొదటి ఏడాది స్టాఫ్‌రూమ్‌లో అందరూ నవ్వారు. డప్పులూ, ధింసా ఆటలూ, చీరల కొట్లూ ఉన్నచోట ఫిజిక్స్ మొహం ఎవరు చూస్తారన్నారు. కెమిస్ట్రీ చెప్పేది మా తెలుగాయనే, టెక్కలి వైపు మనిషి. "సెవిటోడి ముందు శంఖం ఊదినట్టే మేడమ్," అన్నాడు. ఆయన మాటవరసకే అన్నాడు. నాకు మాత్రం చుర్రుమంది. మా ఇంట్లో ఆ సామెత వాడటం మానేసి చాలా కాలమైంది.

మా అమ్మకు వినపడదు. పుట్టుకతో వచ్చింది కాదు. వయసు మీద పడ్డాక కొంచెం కొంచెంగా మొదలై చివరికి పూర్తిగా పోయింది. నరం దెబ్బతిందని విశాఖపట్నం డాక్టర్లు చెప్పారు. చెవికి మిషన్ పెడితే ఏదో గోల తెలుస్తుందే తప్ప మాట తెలియదు. ఆ గోల పడలేక మిషన్ తీసి బీరువాలో గాజుల పక్కన పెట్టేసింది. నాన్న పోయాక నాతోనే ఉంటోంది. నా పెదాలు చూసి, చేతులు చూసి, చాలావరకు నా మొహం చూసి సంగతి పోల్చుకుంటుంది. తను మాత్రం గలగలా మాట్లాడుతుంది. ఆవిడ మాట్లాడితే నేను వినాలి, నేను మాట్లాడితే ఆవిడ చూడాలి. అదీ మా ఇంటి ఏర్పాటు.

నేను పుట్టి పెరిగింది మాచ్‌ఖండ్ కాలనీలో. నాన్న పవర్‌హౌస్‌లో ఫిట్టర్. శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ వచ్చిన కుటుంబాలు వరస క్వార్టర్లలో ఉండేవి. ఎవరింట్లో పేరంటమైనా, సీమంతమైనా మంగళహారతి మా అమ్మే పాడాలి. ఆవిడ వచ్చేదాకా కర్పూరం వెలిగించకుండా కూర్చునేవాళ్లు. మా క్వార్టర్ వెనక ఒక ట్రాన్స్‌ఫార్మర్ రాత్రీ పగలూ హోరుమంటూ ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లకు దాంతో నిద్ర పట్టేది కాదు. అమ్మకు అదే శ్రుతిపెట్టె. ఆ హోరును పట్టుకుని అక్కణ్నుంచి గొంతు పైకి లేపేది. కరెంటు పోతే పాట ఆపేసేది. కరెంటు తయారుచేసే ఊళ్లో కరెంటు పోవడమేమిటంటారా, పోయేది మరి. "సుతి నేకుండా నానెలాగ పాడతాను?" అనేది చీకట్లో. ఫిజిక్స్ ఎందుకు తీసుకున్నావని ఎవరైనా అడిగితే పెద్ద పెద్ద మాటలేవో చెబుతాను గానీ, అసలు కారణం ఆ ట్రాన్స్‌ఫార్మరూ, మా అమ్మా.

వినికిడి తగ్గుతున్న రోజుల్లో గుణుపురం దగ్గర చుట్టాలింట్లో సీమంతానికి వెళ్లాం. అమ్మ హారతి ఎత్తుకుంది. సగంలో తలెత్తి చూస్తే ఎదురుగా కూర్చున్న ఆడపిల్లలు చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. అమ్మ పాట అక్కడికక్కడే ఆపి, పళ్లెం పక్కావిడ చేతికిచ్చేసింది. ఇంటికొచ్చాక, "సుతి తప్పిందో నేదో నాకెలాగ తెలుస్తాది? ఇంక నన్ను పాడమని అడక్కమ్మీ," అంది. అడగలేదు. కానీ ఆ పాటకు నేను మొహం వాచిపోయాను. కూర తరిగేటప్పుడు చిన్న కూనిరాగం కూడా లేని వంటింట్లో తిరగడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

స్టాల్లో నేను పెట్టే వస్తువు పెద్ద యంత్రమేమీ కాదు. ఖాళీ పాలపొడి డబ్బా, దాని మూతికి తప్పెటలా బిగించిన బెలూన్ రబ్బరు, పక్కన చిల్లిలో గుచ్చిన ప్లాస్టిక్ గొట్టం. రబ్బరు మీద బొంబాయి రవ్వ పలచగా చల్లి, గొట్టంలోకి రాగం తీస్తే రబ్బరు ఊగుతుంది. రవ్వ ఎగిరెగిరి, ఊపులేని చోట్లకు చేరి గీతలు కడుతుంది. ఒక్కో స్థాయికి ఒక్కో ఆకారం. గొంతు జారితే ఆకారం చెదిరిపోతుంది. నవ్విన స్టాఫ్‌రూమ్‌కు జవాబుగా మొదటి ఏడే నా స్టాల్ ముందు తోపులాటయింది.

ఈ ఏడు అమ్మను కూడా బయల్దేరదీశాను. ఉత్సవం చూద్దువుగాని రమ్మన్నాను. మనసులో ఉన్నది వేరు. శ్రుతి తప్పితే ఆకారం చెదురుతుంది కదా, అంటే శ్రుతిని కళ్లతో చూడొచ్చు. తప్పిందో లేదో అమ్మకే తెలుస్తుంది. ఇక పాడకపోవడానికి సాకేముంటుంది? ఇంట్లోనే చూపించొచ్చు కానీ, ఇంట్లో ఏం చూపించబోయినా "నీ ఫిజిక్సు నీ పిల్లలకి సెప్పుకో" అంటుంది. పదిమంది పాడేచోట, డప్పుల మధ్య కూర్చుంటే మనసు కదులుతుందని నా ఆశ.

పొద్దున్న రైల్లో లక్ష్మీపూర్ వైపు సొరంగాలు వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలు ప్రతిధ్వని కోసం గట్టిగా అరిచారు. అమ్మ వాళ్ల తెరిచిన నోళ్లు చూసి, ఎందుకో తెలియకుండానే నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

స్టాల్లో డబ్బా సర్ది, అమ్మ ఇంట్లో కట్టిన పొట్లం విప్పాను. అందులో రవ్వ లేదు. బియ్యప్పిండి ఉంది. నాకు ఒళ్లు మండింది. "రవ్వ ఏదే?" అని రెండు చేతులూ తిప్పాను.

"రవ్వ తినేది. దాన్నెవులైనా మట్టిపాలు సేత్తారేటి? నువ్వేసేది ముగ్గే కదా, ముగ్గుకి పిండేత్తారు. కింద పడితే సీమలైనా తింటాయి," అంది అమ్మ, నాకు బుద్ధి చెబుతున్నట్టు. అదివరకు ఉత్సవాల్లో నేను తీసిన ఫోటోలు చూసి, అది ముగ్గేనని ఆవిడ ఎప్పుడో తేల్చేసుకుంది. రవ్వ కొనుక్కొద్దామంటే జనం అప్పటికే చుట్టూ మూగారు. ముందు లమ్తపుట్ వైపు నుంచి వచ్చిన ధింసా బృందం నిలబడింది. చేసేది లేక పిండే చల్లాను.

బృందంలో మోహురి ఊదే ఆయన ఉన్నాడు. మోహురి మన సన్నాయిలాంటిదే. ఆయన దాని మూతిని గొట్టం దగ్గరికి తెచ్చి ఊదుతుంటే, నేను ఏటా చెప్పే ముక్క ఒడియాలో ధీమాగా చెప్పాను: "చూడండి, ఎక్కడ ఊపు లేదో పిండి అక్కడికి చేరుతుంది." పిండి నా మాట వినలేదు. రబ్బరు ఎక్కడ బాగా ఊగుతోందో సరిగ్గా అక్కడే చిన్న చిన్న కుప్పలుగా పోగై, కుప్పలోనే సుడి తిరగసాగింది. డప్పు వాయించే అతను కుప్పలను వేలితో చూపించి, "ఊగేచోటికే వచ్చింది కదమ్మా," అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను రబ్బరు వదులైందని సణిగాను.

కాసేపటికి గాని బుర్ర వెలగలేదు. రవ్వ బరువు. ఎగిరెగిరి కదలని చోటికి పోయి స్థిరపడుతుంది. పిండి మరీ తేలిక. ఊగే రబ్బరు పైన పుట్టే గాలితో లేచి, ఊపు ఎక్కడ ఎక్కువో అక్కడే దిగుతుంది. ఎప్పుడో చదివిన సంగతే, మా అమ్మ పిండి కట్టకపోతే కళ్లతో చూసేదాన్ని కాదు. ఆ ముక్కే మళ్లీ చెప్పాను. ఈసారి నా ఒడియాలో ధీమా తగ్గింది, జనం మాత్రం ఎక్కువ విన్నారు.

అమ్మ స్టూలు మీద కూర్చుని రోజంతా డబ్బా మీంచి చూపు తిప్పలేదు. ముసలమ్మ పాడినా, కాలేజీ పిల్లలు కూతలు పెట్టినా వంగి చూసింది. కుప్పలు కట్టినప్పుడల్లా తనలో తనే తలూపింది. ఆ తలూపు నేనెరుగుదును. మాచ్‌ఖండ్‌లో పక్కవాళ్లు పాడుతుంటే అలాగే ఊపేది. నా ఆశ గుప్పున లేచింది.

సాయంత్రం పెద్ద వేదిక మీద ఆట మొదలై జనం అటు వెళ్లారు. మా చుట్టూ ఖాళీ అయింది. పిండి కొత్తగా చల్లి, గొట్టం అమ్మ చేతిలో పెట్టి, పెదాలు స్పష్టంగా కదుపుతూ, "పాడమ్మా," అన్నాను. అడగొద్దన్న రోజు నుంచి దాచుకున్న మాట అది. తప్పితే పిండే చెబుతుందని చేతులతో చూపించాను. హారతి అని పళ్లెం తిప్పి చూపించాను.

అమ్మకు అంతా అర్థమైంది. గొట్టాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత దాని మూతి నా వైపు తిప్పింది.

"నా పాటకేటమ్మీ, లోపల రోజూ పాడుకుంతానే ఉన్నాను. ఆ టాన్సుఫారం కూడా లోపల మోగతానే ఉంతాది. అదెక్కడికీ పోనేదు. నీ గొంతే మర్సిపోతన్నాను. ఎలాగుండేదో అని పొద్దస్తమానం అనుకుంతాను, రాదు. నువ్వు పిలు. సూత్తాను."

నేను గొట్టం పట్టుకున్నాను. "అమ్మా" అనబోతే గాలి మాత్రమే వచ్చింది. పిండి కదల్లేదు. అమ్మ ఓపిగ్గా చూస్తూ కూర్చుంది. మళ్లీ పిలిచాను. పిండి ఉలిక్కిపడి లేచి, మధ్యలో చిన్న కుప్పయి వణికింది. అమ్మ డబ్బా అంచు మీద వేలు ఆనించి, మొహం పిండికి దగ్గరగా వంచింది.

"ఇంకోపాలి," అంది.

ఇన్నేళ్లూ కరువు నాదే అనుకున్నాను. ఆవిడ పాట నాకు లేకుండా పోయిందనే లెక్క చూసుకున్నాను గానీ, నా పిలుపు ఆవిడకు లేకుండా పోయిందన్నది ఒక్కనాడూ తట్టలేదు. పెద్ద వేదిక మీద డప్పులు మోగుతుంటే నేను పిలుస్తూనే ఉన్నాను, ఆవిడ చూస్తూనే ఉంది.

ఆ డబ్బా ఇప్పుడు మా వంటింట్లో, గ్యాస్ పొయ్యి పక్కన ఉంటుంది. పొద్దున్న కాలేజీకి వెళ్తూ గొట్టంలోకి "అమ్మా, వెళ్లొస్తాను" అంటాను. అమ్మ కుప్పలు చూసి తలూపి, సాయంత్రానికి పిండిని వేలితో చదును చేసి పెడుతుంది. పాట మాత్రం ఇంకా రాలేదు. వంటింటి గుమ్మం దాటేటప్పుడల్లా ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి వింటాను.

మొన్న నాకు జలుబు చేసింది. అలవాటు ప్రకారం గొట్టంలోకి పలికి, చెప్పులు వేసుకుంటున్నాను. అమ్మ డబ్బా వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ డబ్బా వైపు చూసింది.

"ఏటమ్మీ, గొంతు బాగునేదా?" అని మిరియాల డబ్బా అందుకుంది.