ఆ సవరణ కింద ఉండాల్సిన పేరు

మన సోమవారం ఉత్తరం రాసే సారు పోయారు. పోయిన బుధవారం పొద్దున బెంగళూరు కాటన్‌పేటలో, వాళ్ళింట్లోనే, కాఫీ లోటా కింద పెట్టి కళ్ళద్దాల కోసం చెయ్యి చాపారట, అంతే. ఆ కబురు వచ్చేసరికి నేను మహదేవపుర దగ్గర ఆఫీసు బస్సులో ఉన్నాను. ఫోన్ చేసింది సారు భార్య. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. "మీ సారు పోయినాడప్పా" అంది. "ఉత్తరం చదివేటోళ్ళకంతా నువ్వే చెప్పాల" అంది. సరేనమ్మా అన్నాను. పక్క సీటులో ఉన్నాయన టిష్యూ కాగితం అందించాడు. ఎవరో దగ్గరివాళ్ళు పోయి ఏడుస్తున్నానని అనుకున్నాడు పాపం. నాకు ముందుగా వచ్చిన ఏడుపు సిగ్గుతో వచ్చింది. ఎందుకో చెప్పడానికే ఈ వారం ఉత్తరం నా పేరుతో వస్తోంది.

ఈ మధ్యే చేరినవాళ్ళకి ఈ ఉత్తరం ఎలా పుట్టిందో తెలియకపోవచ్చు. సారు బెంగళూరులో ఒక కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన చదువుకున్నదీ జీవితమంతా ఇష్టపడ్డదీ అప్లయిడ్ మేథమెటిక్స్, అందులోనూ నాన్‌లీనియర్ లెక్కలు. ఎక్కడ ఉపన్యాసం జరుగుతోంది, ఏ సంస్థలో పీహెచ్‌డీ సీటు ఖాళీ ఉంది, ఎండాకాలం వర్క్‌షాపు ఎక్కడ, ఎవరి థీసిస్ పాసయింది, ఏ పెద్దాయన పోయాడు - ఈ కబుర్లన్నీ ఇంగ్లీషులో పెద్ద పెద్ద సంస్థల మధ్యనే తిరుగుతుంటాయి. పలమనేరులోనో హిందూపురంలోనో ఎమ్మెస్సీ చదివే పిల్లకి అవి చేరవు. చేరినా ఆ ఇంగ్లీషు చూసి ఇది మనకి కాదులే అనుకుంటుంది. అందుకని సారు ప్రతి సోమవారం రెండు పేజీల తెలుగు ఉత్తరం మొదలుపెట్టారు. కోలారు వైపు పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు కాబట్టి, వాళ్ళ కోసం అదే ఉత్తరాన్ని చదివి ఫోన్లో రికార్డు చేసి పంపేవారు.

నాన్‌లీనియర్ అనే మాటకి తెలుగు ఉంది గానీ సారు వాడేవారు కాదు. "ఆ మాట వింటే మా పిల్లోళ్ళు సైకిలెక్కి పారిపోతారు" అనేవారు. క్లాసులో మాకు చెప్పిన మొదటి పాఠం చారు గురించి. "చారులో ఉప్పు రెట్టింపు ఏస్తే రుచి రెట్టింపు అయితాదా? కాదు. ఇల్లంతా గలాటా అయితాది. అదే మన సబ్జెక్టు" అన్నారు. ఇన్నేళ్ళలో అంతకన్నా మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఒకసారి రింగురోడ్డు మీద నా కారులో ఇద్దరం ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. నేను హారన్ కొడుతూ ఎవణ్ణో తిడుతున్నాను. సారు మాత్రం తమాషా చూస్తున్నట్టు కూర్చున్నారు. "ముందర యాక్సిడెంటేమీ ఉండదప్పా. ఎవుడో ఒకడు ఊరికే బ్రేకు తొక్కింటాడు. వాడు ఈపాటికి ఇంటికి పోయి ఊట చేసి పండుకునింటాడు. మనం ఈడ నిలబడుండాం" అన్నారు. ఊట అంటే ఇక్కడి తెలుగులో భోజనం. నాకు నవ్వొచ్చింది. అప్పటికి ఆ మాట నా గురించి కాదు.

ఉత్తరం విషయంలో సారుకి ఒక పట్టుదల ఉండేది. ఏ సంగతైనా వెబ్‌సైటులో చూసి రాసేవారు కాదు. ఆ సంస్థకి ఫోన్ చేసేవారు. మూడు ప్రశ్నలు అడిగేవారు. సీటు నిజంగా ఉందా? ఆఖరు తేదీ ఏది? దూరం నుంచి వచ్చే పిల్లలకి ఆ రాత్రి పడుకోవడానికి చోటుందా? వాచ్‌మన్ ఎత్తితే కన్నడంలో, ఆఫీసరు ఎత్తితే ఇంగ్లీషులో, అదృష్టం బాగుండి మనవాళ్ళెవరైనా ఎత్తితే తెలుగులో. ఒక ఆఫీసరుగారు విసుక్కుని "అంతా వెబ్‌సైటులో ఉంది కదండీ" అన్నాడట. "దాన్నీ అడిగినా సార్, అది తిరిగి పలకలేదు" అని సారు జవాబు. మూడు ప్రశ్నలకీ సమాధానం దొరికాకే ఆ కబురు ఉత్తరంలోకెక్కేది. ప్రతి కబురు చివరా "అడిగి రాసినది" అని ఉండేది. ఆ రెండు మాటలు చూసే పిల్లలు బస్సెక్కేవాళ్ళు. సారు దగ్గర చదువు ముగించి ఊరికి పోయాక, కర్నూలు నుంచి నేనూ అలాగే ఎక్కాను. సారు అడిగి రాసిన ఒక కబురు వల్లే నాకు పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఆ చదువుతో నేను చివరికి కంపెనీ ఉద్యోగానికి పోతే, "పోనీలే, లెక్కలైతే మర్చిపోవు కదా" అన్నారే తప్ప ఒక్క మాట దెప్పలేదు.

రెండేళ్ళ కిందట సారుకి రెండు కళ్ళకీ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ అయింది. కొన్ని నెలలు చదవకూడదు, రాయకూడదు అన్నారు. సారు నన్ను పిలిచి ఉత్తరం అప్పగించారు. "రాసేది ఎవురైనా రాస్తారప్పా, అడిగేది మాత్రం మానుకోవద్దు" అన్నారు. ఉత్తరం కింద పేరు ఎప్పటిలాగే ఆయనదే ఉండేది. మొదటి రెండు వారాలు బుద్ధిగా ఫోన్లు చేశాను. ఒకచోట ఎత్తరు. ఇంకోచోట ఎత్తి, ఇంకొకరికిచ్చి, ఆ ఇంకొకరు భోజనానికి పోయాడంటారు. మూడో వారానికి నా తెలివి మేలుకుంది. కంపెనీలో ఇలాంటి పనులకే కదా నాకు ఉద్యోగమిచ్చారు! ఒక ప్రోగ్రామ్ రాశాను. అది సంస్థల పేజీలన్నీ తిరిగి, కొత్త కబుర్లు ఏరి, తెలుగులో పేర్చి పెడుతుంది. ప్రతి కబురు చివరా "అడిగి రాసినది" అని కూడా అదే చేరుస్తుంది.

ఆ మాట చేర్చే లైను నా చేత్తో రాశాను. రాస్తున్నప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆగిందని నాకు బాగా గుర్తుంది, కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. సారు ఫోన్ చేసి "ఎట్లుండాది ఉత్తరం?" అంటే, "బ్రహ్మాండంగా ఉంది సార్, ఇదివరకటికంటే ఎక్కువ కబుర్లు వేస్తున్నాం" అని గొప్పలు పోయాను.

తర్వాత జరిగింది ఇది. బెంగళూరు శివార్లలో ఒక సంస్థలో ప్రాజెక్టు అసిస్టెంటు పనికి ఇంటర్వ్యూ అని ఉత్తరంలో వచ్చింది. ఆ పేజీ అంతకు ముందు ఏడాదిది. తేదీ, నెల ఉన్నాయి, సంవత్సరం లేదు. మనిషి ఫోన్ చేసి అడిగుంటే అర నిమిషంలో తేలిపోయేది. పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఎమ్మెస్సీ చదివే ఒక అమ్మాయి, ఆ రోజు ఉన్న ప్రాక్టికల్ పరీక్ష మానుకుని, వాళ్ళమ్మను తోడు తీసుకుని మొదటి బస్సుకి బయల్దేరి వచ్చింది. ఇంటర్వ్యూలేవీ లేవని వాచ్‌మన్ గేటు దగ్గరే చెప్పేశాడు. వాళ్ళు నమ్మలేదు. అడిగి రాసినది అని ఉంది కదా! మధ్యాహ్నం దాకా గేటు బయట నిలబడి, చివరికి ఉత్తరం అడుగున ఉన్న నంబరుకి ఫోన్ చేశారు. అది సారు నంబరు.

సారు వెంటనే నాకు చేశారు. నేను మీటింగులోంచి బయటికొచ్చి ఎత్తాను.

"ఏమప్పా, ఆ ఇంటర్వ్యూ సంగతి నువ్వు ఫోన్ చేసి అడిగినావు కదా?"

"అడిగాను సార్."

"ఎవురు పలికినారు?"

"ఆఫీసులో ఎవరో ఆవిడ సార్. ఉందనే చెప్పింది."

"సరేలేప్పా, నువ్వు పని చూసుకో. ఆ తల్లీబిడ్డా ఇంకా ఊట చేయలేదంట. నేను పోయి పిల్చుకొనొస్తా" అన్నారు.

కంటికి నల్లద్దాలతో, ఆటోలో, ఊరికి ఆ చివరికి పోయి వాళ్ళను ఇంటికి తీసుకొచ్చారు. అమ్మ అన్నం పెట్టింది. సారే బస్టాండుకి పోయి బస్సెక్కించారు. నేనేమో లేని ఒక ఆఫీసావిడను సృష్టించి, మీటింగులోకి తిరిగిపోయి, స్లైడ్లు చూపించాను. ఆ అమ్మాయికి పరీక్ష తప్పి ఏడాది పోయింది.

ఆదివారం సారు మళ్ళీ ఫోన్ చేశారు. "ఒక సవరణ ఉండాది, రాసుకో" అన్నారు. చెబుతుంటే నేను టైపు చేశాను: "పోయిన వారం ఒక ఇంటర్వ్యూ సంగతి అడగకుండానే అడిగినట్టు రాసినాను. నమ్మి వచ్చిన తల్లీబిడ్డా గేటు దగ్గర ఎండలో నిలబడినారు. తప్పు నాది. క్షమించండి." కింద తన పేరు పెట్టమన్నారు. అడగకుండానే అడిగినట్టు - ఆ ముక్క తప్పుగా కొట్టి మళ్ళీ టైపు చేశాను. సారు ఆ సంస్థకి ఫోన్ చేసి ఉంటారు. అక్కడ అలాంటి ఆవిడెవరూ లేదని తెలిసే ఉంటుంది. ఆయన అడగకుండా ఉండే మనిషి కాదు.

"ఇంకేమన్నా ఉండాదా అప్పా?" అన్నారు.

నాకోసం తెరిచిపెట్టిన తలుపు అది. ఎంతసేపు తెరిచి ఉంచారో! "లేదు సార్" అన్నాను.

"అయితే పంపీ" అన్నారు.

పంపాను. ఆ సోమవారం మీలో చాలామంది దాన్ని చదివారు. ఆ మర్నాటి నుంచి ప్రోగ్రామ్ ఆపేశాను. సారు ఫోన్లు చేసే పని మళ్ళీ తనే తీసుకున్నారు, నాకు పంపే పని మాత్రం మిగిల్చారు. నాతో మాట తీరు ఏమీ మారలేదు. మారి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

మారింది ఊళ్ళో మాట. ఒక రోజు మా ఆఫీసు క్యాంటీన్‌లో పాత క్లాస్‌మేట్ ఒకడు, "సారుకి వయసైపోయింది కదరా, అడిగిందీ అడగనిదీ మర్చిపోతున్నాడు" అన్నాడు. నేను దోసె తుంచుతూ "అవును పాపం" అన్నాను. పాపం అని కూడా అన్నాను! అబద్ధం ఒకసారి భయంతో ఆడొచ్చు. ఇది భయం కాదు, ఎవరూ నన్ను నిలదీయలేదు. ఇప్పటికీ దోసె ప్లేటు ముందు కూర్చుంటే ఆ మాటే వినిపిస్తుంది.

నిన్న, ఆదివారం, కాలేజీలో సంతాపసభ జరిగింది. సారుతో పాటు పనిచేసిన పెద్దాయన ఒకరు ఎంతో ప్రేమగా మాట్లాడారు. "ఇన్నేళ్ళ ఉత్తరంలో ఒక్కటంటే ఒక్కటే తప్పు. అది కూడా వయసు చేసిన తప్పు" అన్నారు. అందరూ చిన్నగా నవ్వారు, క్షమించినట్టు. మూడో వరసలో నేను తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. పోయిన మనిషిని నా తప్పుకి క్షమిస్తున్నారు. లేచి నిలబడదామనుకున్నాను. లేవలేదు.

బయటికొచ్చి మెట్ల మీద నుంచే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఏడాది ఆలస్యంగా చదువు ముగించి, సారు అడిగి చెప్పిన చోటే ఇప్పుడు ప్రాజెక్టు పనిలో ఉంది. అంతా చెప్పాను. చాలాసేపు విన్నది. "సారు నాకు మూడుసార్లు క్షమాపణ చెప్పినారన్నా. పెద్దాయన కదా అని ఊరకుండినాను. ఇప్పుడు ఆ కోపమంతా తెచ్చి మీ మీద పెట్టాలంటే కొంచెం టైము పడతాది" అంది. పడుతుందమ్మా, ఎంతైనా తీసుకో అన్నాను. అందరికీ రాస్తాను, నీ ఊరు చెప్పవచ్చా అంటే, చెప్పండి అంది.

అక్కణ్ణుంచి కాటన్‌పేటకి పోయాను. అమ్మ ఒక్కతే ఉంది. సారు అమ్మ దగ్గర ఏదీ దాచే మనిషి కాదు కదా, ఆమెకి చెప్పే ఉంటారని నా నమ్మకం. ఆమె "నాకెప్పుడో తెలుసులేప్పా" అంటే తలవంచుకుని ఇంటికి పోవాలనుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాక ఆమె ముఖం చూసి అర్థమైంది. ఆమెకు తెలియదు.

"ఆ తప్పు ఆయప్పది కాదా? రాసేది నీకిచ్చినా, ఫోన్ చేసి అడిగేది ఆయప్పే అనుకుంటినే!" అంది.

"కాదమ్మా. నాది."

"నేను తిట్టినానప్పా" అంది. "ఎండలో ఆ బిడ్డను నిలబెట్టినావు, ఇంక సాలు, నీకు గ్యాపకం తప్పిపోతా ఉండాది అని తిట్టినాను. ఆయప్ప ఏమీ పలకలేదు. నువ్వు ఒక్కనివే రాయొద్దు, నాకు అప్పజెప్పినాకే పంపాల అన్నాను. సరే అన్నాడు. రెండేండ్లు, ఆదివారమాదివారం, చిన్నపిల్లోని మాదిరి నా ముందర కూర్చుని అప్పజెప్పినాడు. ఎవురికి ఫోన్ చేసినాను, ఏమి చెప్పినారు, ఏ తేదీ. నేను క్యాలెండర్ పెట్టుకోని దిద్దేదాన్ని."

నేను క్షమించమని అడగలేదు. ఆమె లేచి బీరువా పక్క నుంచి ఒక అట్టపెట్టె తీసుకొచ్చి నేల మీద పెట్టుకుని కూర్చుంది. ఆ రెండేళ్ళలో సారు ఆమెకి అప్పజెప్పిన ఉత్తరాల కాగితాలు. ఒక్కొక్కటీ తీసి, ఒళ్ళో పరుచుకుని, వేలితో కిందికి జరుపుతూ చూసింది. ప్రతి తేదీ పక్కనా ఆమె ఎర్ర పెన్సిలుతో పెట్టిన టిక్కు ఉంది. ఒక్కచోట కూడా కొట్టివేత లేదు.

"ఒక్క తప్పూ దొరకలేదప్పా నాకు" అంది నా వైపు చూడకుండా. "అప్పుడన్నా నాకు తెలిసుండాల."

ఇంకో కాగితం తీసింది. దాని మీదా పైనుంచి కిందిదాకా ఎర్ర టిక్కులే.