కాలు ఊపొద్దన్న గొంతు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. బేతంచెర్ల శ్మశానంలో ఒక రాత్రంతా పడుకున్నానని అందరికీ చెబుతుంటాను. నిజానికి పడుకున్నది మధ్యాహ్నం, అదీ గోడకు ఇవతల. అయినా నమ్మకం లేదన్న మాట మాత్రం నిజం.

మా చెల్లెలి కొడుకు మద్దిలేటికి కొన్నాళ్లుగా ఎవరో ఆడమనిషి తిడుతున్నట్టు వినపడేది. బండల పాలిష్ పని మానేశాడు, తిండి తగ్గించాడు. గాలి సోకిందని మా చెల్లెలు తాయెత్తు కట్టించింది. నేను వాణ్ణి కర్నూలు ఆసుపత్రికి లాక్కుపోయాను.

స్కిజోఫ్రెనియా కావచ్చని డాక్టరమ్మ అనుమానం. దానికి మెదడు పరీక్ష ఒకటి ఉందట. చెవుల్లో ఒకే రకం టిక్కులు వినిపిస్తూ మధ్యమధ్య వేరే శబ్దం వేస్తారట. మనం పట్టించుకోకపోయినా మెదడు ఆ తేడాకు ఉలిక్కిపడుతుంది. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి ఆ ఉలికిపాటు తక్కువగా ఉంటుందట. ఇదొక్కటే చూసి జబ్బని తేల్చరు, ఇదొక ఆనవాలు మాత్రమే అందామె.

మద్దిలేటి మొండికేశాడు. "ముందు మామకు పెట్టండి. ఆయప్పకు గూడా మాటలు ఇనపడితే నాకు రోగం లేనట్టే. ఇంటికి పోతా."

నా తలలో వంద తీగలు గుచ్చారని ఊళ్లో చెప్పాను. ఏమీ గుచ్చలేదు. తీగలున్న టోపీ, బట్టతల మీద చల్లటి జిగురు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, అంతే. కదలొద్దని చెప్పి తలుపు మూశారు. టిక్, టిక్, టిక్, టుంగ్. కాసేపటికి నాకు తెలియకుండానే కాలు ఊపుతున్నాను.

"కాలు ఊపొద్దు ముసలోడా!" అని ఒక ఆడగొంతు చెవిలో కసిరింది. ఠక్కున ఆపేశాను.

టోపీ తీయడానికి వచ్చిన నర్సును అడిగితే, ఆ ఇయర్‌ఫోన్లలోంచి మాటలు వచ్చే ఏర్పాటే లేదంది.

బయట వరండాలో మద్దిలేటి పగలబడి నవ్వుతున్నాడు. "ఏం మామా, ఈపొద్దు నన్నిడిసి నిన్ను తిట్టె గదా ఆయమ్మ, కాలు ఊపొద్దని! ఇనపడినాదా లేదా?"

అవునంటే వాడు నేరుగా బస్టాండుకు పోతాడు.

"టిక్కులు తప్ప ఏం లేదు అల్లుడా. పోయి కూర్చో."

వాడి మొహం చిన్నబోయింది. "అట్లయితే రోగం నాకే ఉండాదన్నమాట" అని లోపలికి పోయాడు. ఉన్నదానికి పది కలిపి చెప్పే నేను, ఉన్నదాన్ని లేదని చెప్పడం అదే మొదలు.

ఆ పరీక్ష, వాడు చెప్పిన మాటలు, అన్నీ కలిపి చూసి డాక్టరమ్మ మందులు రాసింది. ఇప్పుడు మద్దిలేటి పనికి పోతున్నాడు, కడుపునిండా తింటున్నాడు, నన్ను ఎగతాళి చేస్తున్నాడు. వాడు ఈ పేపర్లో సినిమా పేజీ తప్ప ఏదీ చదవడు. అందుకే ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను: నాకూ వినపడింది. నా కాలు ఊగడం ఆమె ఎలా చూసిందో, ఆ మాట వరండాలో ఉన్న వాడికెలా చేరిందో, ఈ రోజుకీ తేల్చుకోలేకున్నాను.