ఎవరూ చూడని కళ్లు

తొంభైల మొదట్లో మా బాపు ఆర్మూర్ నుంచి పోచంపాడ్‌కు ఒక షావుకారి జీపును టాక్సీగా నడిపేవాడు. లైసెన్సు రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. అప్పటికే సాయంత్రం వెలుగు తగ్గితే ఎదురుగా వచ్చేది మనిషో బండో ఆయనకు తెలిసేది కాదు. ఆ మాట డాక్టరుకు చెప్పాలనే నన్ను వెంటబెట్టుకుని నిజామాబాద్ వెళ్లాడు.

డాక్టరు తల ఎత్తకుండానే సంతకం పెట్టబోయాడు.

“సారూ, పొద్దుగూకితే నాకు సరిగ కనబడ్తలేదు. జర కండ్లు చూడుండ్రి,” అన్నాడు బాపు.

“నీకు లైసెన్స్ గావాల్నా వద్దా? బయట మస్తు మంది ఉన్నరు,” అంటూ ఆయన ముద్ర కొట్టి కాగితం తోసేశాడు.

నాకు ఒళ్లు మండింది. “గీయన నడిపే జీపుల మీ పిల్లలను ఎక్కిస్తరా సారూ?” అని అడిగాను. బయటికి పొమ్మన్నాడు.

లైసెన్సుల ఆఫీసులోనూ అంతే. కాగితం చూశారు గానీ మనిషిని చూడలేదు. మరో మూడేళ్లు బండి నడపడానికి బాపు పనికొస్తాడని తేల్చేశారు.

ఆర్మూర్‌లో దిగగానే బాపు షావుకారికి తాళాలు ఇచ్చేశాడు.

“సర్కారే మంచిగున్నవన్నంక నీకేం ఫికర్?” అన్నాడు షావుకారు.

“సర్కారు నా జీపుల కూసుంటదా? కూసునేటోళ్లకు గీ సంగతి తెల్వది గదా,” అన్నాడు బాపు.

ఆ తర్వాత ఆయన పగటిపూట పసుపు మార్కెట్‌లో బస్తాలు మోశాడు. అందరూ ఆయన నిజాయితీని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మెప్పు వింటే కోపమే వచ్చేది. జీతం తీసుకునేవాళ్లు చేయాల్సిన పనిని మా బాపు బతుకుదెరువు పోగొట్టుకుని చేశాడు. కళ్లు కనబడవని చెప్పుకోలేని డ్రైవర్లు అదే ముద్రతో అదే రోడ్డు మీద ఇంకెందరు తిరిగారో ఎవరు అడిగారు?