అద్దం మీద అక్షరం

తొంభైల నడుమ ఒక వానాకాలపు మధ్యాహ్నం ఉక్కు కర్మాగారం పక్కనున్న సుపేలాలో రాయ్‌పూర్ బస్సెక్కాను. కిటికీ అద్దాల అవతల చెట్లూ చిమ్నీలూ వానలో కరిగిపోతున్నట్టున్నాయి. పక్క సీట్లోని నెరిసిన మీసాల పెద్దాయన నా చేతిలోని తెలుగు వారపత్రిక చూసి పలకరించాడు.

"ఏటి పని చేస్తన్నావమ్మా?"

ఒక కాంట్రాక్టరు దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌నని చెప్పాను. ఆయన ఇరవయ్యేళ్లు పోలీసుశాఖలో వేలిముద్రలు ఫొటో తీశాడట. ఇప్పుడు పోలీసులకు కంప్యూటర్లో సాక్ష్యం వెతకడం నేర్పుతున్నాడట.

చేతిలోని పత్రిక మూసేశాను. పనిచేస్తూ కిందపడి కాలు విరిగిన కూలీ ఒకతను ఆరోజు అసలు రాలేదని చూపడానికి, మా యజమాని హాజరు ఫైలును ఆ ఉదయమే నాచేత చెరిపించాడు.

"చెరిపేసిన ఫైలు మళ్లీ దొరుకుతుందాండీ?"

ఆయన ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో 'అ' రాసి, రుమాలుతో తుడిచేశాడు. తర్వాత నోటితో ఊదాడు. 'అ' మెల్లగా తేలింది.

"కంప్యూటరూ ఇంతే తల్లీ. దానిమీద ఇంకోటి రాయనంతవరకూ లోపలే ఉంటాది."

దారిలో కుమ్హారిలో దిగి, ఎదురొచ్చిన బస్సులో ఆఫీసుకు వెనక్కి వచ్చాను. కంప్యూటర్లో వెతికితే ఫైలు దొరికింది. అచ్చు తీసి ఆ కూలీ భార్య చేతిలో పెట్టాను. వాళ్ల నష్టపరిహారం కేసు నిలబడింది, నా ఉద్యోగం పోయింది.

ఇప్పుడు నేనూ ఆ పాఠాలే చెబుతున్నాను. ఎక్కడ చదివారని అడిగితే కాలేజీ పేరు చెబుతాను. మొదట నేర్పిందెవరని అడిగితే మాత్రం, చెప్పడానికి నా దగ్గర పేరు లేదు.