గురిగింజ తూకం

జులై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, చీకటి పడకముందే మా ఆష్‌బర్న్ టౌన్‌హోమ్‌ల మధ్య సందులో పిల్లలు చిచ్చుబుడ్లు ముట్టించేస్తారు. ఆ పొగ గుమ్మాల దాకా పాకి వచ్చేసరికి పెద్దవాళ్ళంతా ముక్కులు మూసుకుని కిటికీలు వేసుకుంటుంటే, నేను మాత్రం మెట్ల మీద నిలబడి, పెళ్ళివారింట్లో మైసూరుపాకు వాసన తగిలినదానిలా కళ్ళు మూసుకుని ఊపిరి పీలుస్తాను. ‘మామ్, యూ ఆర్ సో వియర్డ్’ అంటాడు మావాడు. కాదనడానికి నా దగ్గర సాక్ష్యాలేమీ లేవు. లోకంలో అందరికీ అమ్మ అంటే ఆవకాయ కారమో, తడి జుట్టులో సాంబ్రాణి పొగో, ఉతికి ఆరేసిన చీరో గుర్తుకొస్తుంది. నాకు కాలిన తుపాకీ మందు గుర్తుకొస్తుంది. చిచ్చుబుడ్డి పొగది అచ్చంగా అదే వాసన కాదు, దానికి దూరపు చుట్టం. అయినా చుట్టాన్ని చూస్తే ఇంటివాళ్ళు గుర్తుకు రావడం సహజమే కదా.

నా తొమ్మిదో ఏట మేం ఇక్కడికి వచ్చినప్పుడు ఈ ఊరింకా పూర్తిగా ఊరు కాలేదు. ఇవతల మా అపార్ట్‌మెంట్లు, మధ్యలో రెండు కార్లు ఒరుసుకుంటూ వెళ్ళే రోడ్డు, అవతల తెల్లరంగు వెలిసిన కొయ్య కంచె, కంచె దాటితే మిస్ డాటీ అనే పెద్దావిడ గడ్డి పొలం. ఏప్రిల్లో ఆ పొలం తల దువ్వించుకున్న పిల్లలా పచ్చగా నున్నగా ఉండేది. జూన్‌లో గడ్డి కోసి ఎండబెట్టిన రోజుల్లో వీధంతా తీపి వాసన పట్టి, ఆరేసిన బట్టల్లోంచి, పాఠాల పుస్తకాల్లోంచి కూడా అదే వచ్చేది. సాయంత్రాలు మిణుగురులు లేచేవి, మేం వాటి వెనక పరిగెత్తి జాడీల్లో పట్టి, చీకటి పడేలోపు అమ్మ కేకలకి భయపడి వదిలేసేవాళ్ళం. నాన్న పొద్దున్నే టై కట్టుకుని, కంప్యూటర్లలో బగ్గుల్ని వేటాడటానికి వెళ్ళిపోయేవారు.

అమ్మ పేరు శారద. కాకినాడలో ఫార్మసీ చదివి, ఆసుపత్రిలో మందులు తూచి, కలిపి, పొట్లాలు కట్టి ఇచ్చిన మనిషి. నాన్న వీసాకి తోకలా వచ్చిన ఆవిడ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. చెయ్యకూడదని కాగితం చెబితే చేతులు వింటాయా? పోపుల డబ్బా గిన్నెల మీద పేర్లు రాసి అంటించింది. నా జ్వరం మాత్రని బ్లేడుతో ఎంత సమానంగా కోసేదంటే, ఏది మొదట వెయ్యాలో తనకే తోచేది కాదు. అదే అమ్మ వంటలో మాత్రం ఒట్టి కంటి కొలత మనిషి. ఉప్పు పిడికిలితో తీసి, గిన్నె వైపు కూడా చూడకుండా విసిరేసేది.

మిస్ డాటీతో స్నేహం కంటి చుక్కల మందుతో మొదలైంది. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఆవిడకి కంటి ఆపరేషన్ అయితే, నడకకి వెళ్ళిన అమ్మ చూసి, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చుక్కలు వేసి వచ్చేది. ఆవిడ నోట్లో శారద కాస్తా ‘సరదా’ అయిపోయింది. ‘అమెరికాలో మీ అమ్మకి దొరికిన సరదా అదొక్కటే’ అనేవారు నాన్న, నవ్వుతూనే, కానీ కాస్త తల దించుకుని.

మిస్ డాటీ పొలం నిండా గ్రౌండ్‌హాగ్‌ల కన్నాలు. కుందేలు కన్నా పెద్దది, పిల్లి కన్నా బొద్దుది, నేల కింద ఇల్లు తవ్వుకుని పైన గడ్డి తినే జంతువు అది. ఒక కన్నంలో కాలు పడి ఆవిడ ఆడగుర్రం ఒకటి కాలు విరిగి చచ్చిపోయింది. మిగిలిన క్లోవర్ అనే గుర్రాన్ని పొలంలోకి వదలడానికి ధైర్యం లేక కొట్టంలోనే కట్టి ఉంచారు. అది రోజంతా డెక్కతో తలుపు తన్నేది. ఆ చప్పుడు మా వంటింటి దాకా వినబడేది. బోను పెట్టి చూశారు. గ్రౌండ్‌హాగ్‌లు తప్ప ఊళ్ళో ఉన్న జంతువులన్నీ వచ్చి అందులోని ఆపిల్ ముక్కలు తిని వెళ్ళాయి. వేసవి అయ్యేలోపు పొలం బాగుపడకపోతే క్లోవర్‌ని వేలానికి పంపేస్తానంది మిస్ డాటీ. భర్త రైఫిల్ ఉంది గాని, గురి చూడటానికి ఆవిడకి చూపు ఆనదు. ఆ మాట విన్న అమ్మ ఆ సాయంత్రం పప్పులో రెండుసార్లు ఉప్పు వేసి, ‘ఏవండీ, నేను నేర్చుకుంటానండీ’ అంది.

వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ముట్టాలంటే వేట లైసెన్స్ ఉండాలట. నారింజ రంగు టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళ మధ్య, చుడీదార్ మీద స్వెట్టర్ వేసుకుని కూర్చుని, అమ్మ ఆ క్లాసు పూర్తి చేసి లైసెన్స్ తెచ్చుకుంది. ఈ దేశం అమ్మని మాత్రలు లెక్కపెట్టనివ్వలేదు గాని తుపాకీ పట్టుకోనిచ్చింది. నాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ‘ఇహనుంచి నీ కూరలకి వంక పెట్టను శారదా’ అన్నారు.

కొట్లో కొన్న తూటాలతో అమ్మ కాగితం మీద నెలరోజులు సాధన చేసి, ఒక సాయంత్రం పొలం గట్టున బోర్లా పడుకుంది. దూరంగా ఒక గ్రౌండ్‌హాగ్, ముందుకాళ్ళు దగ్గరికి చేర్చి నిలబడి, ఎవరికో నమస్కారం పెడుతున్నట్టుంది. రైఫిల్ పేలింది. అది పడిపోలేదు. వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ, మెల్లగా, చాలా మెల్లగా కన్నంలోకి వెళ్ళిపోయింది. అమ్మ రైఫిల్ మిస్ డాటీ చేతికిచ్చి పరిగెత్తి, ఆ కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఒగ్గి వింది. ఏం వినబడిందో నాకెప్పుడూ చెప్పలేదు. ఆ పూట కడిగిన బియ్యం కడిగినట్టే ఉండిపోయాయి.

మర్నాడు ‘ఇంక నా వల్ల కాదు’ అని చెప్పడానికి వెళ్ళిన అమ్మని మిస్ డాటీ గరాజ్‌లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఆవిడ భర్త బల్ల: బిగించిన ఇనప మీట ఒకటి, కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు జాడీల నిండా, చిన్న త్రాసు ఒకటి. కొట్లో తూటాలు ఏ తుపాకీకైనా సరిపోయేలా చేస్తారు, కాబట్టి దేనికీ అచ్చంగా సరిపోవని ఆవిడ చెప్పింది. ఆయన తన రైఫిల్‌కి తగిన తూటాలు తానే చేసుకునేవాడట: ఖాళీ గొట్టాన్ని శుభ్రం చేసి, మీట కింద పెట్టి పాత కొలతకి నొక్కి, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, పైన గుండు బిగించి. అమ్మ వింటున్నట్టు లేదు. ఆ త్రాసునే చూస్తోంది. దాని మీద గ్రెయిన్లలో గుర్తులున్నాయి.

‘ఇది మా కొలతే బుజ్జీ’ అంది. పూర్వం మందుల కొట్లలో కూడా గ్రెయిన్లలోనే తూచేవాళ్ళట, పాత పుస్తకాల్లో చదువుకుందట. గ్రెయిన్ అంటే గింజ. మా ముత్తాత కంసాలి కొట్లో బంగారం గురిగింజలతో తూచడం అమ్మ చూసింది. ఇక్కడ గురి కోసం గింజ. అమ్మకి పదాల మీద ఉన్న ఆ పిచ్చే నాకూ అంటింది, అందుకే ఇప్పటికీ సరైన ఉద్యోగానికి పనికిరాలేదు.

ఆ వేసవంతా అమ్మ ఆ గరాజ్‌లోనే ఉంది. నా పని గొట్టాల అంచు చుట్టూ వేలు తిప్పి పగుళ్ళు చూడటం. యంత్రంలో ఊకలాంటి పొడిలో గిరగిరా తిరిగి వచ్చిన ఆ ఇత్తడి, దీపావళికి తోమిన కుందుల్లా తళతళలాడేది. మిస్ డాటీ ఇచ్చిన తూటాల పుస్తకంలో రాసిన హద్దు దాటకుండా, అమ్మ ఒకసారికి ఒక్కటే మార్చేది. ఇవాళ మందు తూకం మారిస్తే గుండు లోతు ముట్టుకునేది కాదు. ‘రెండూ ఒకేసారి మారిస్తే ఏది రోగం తగ్గించిందో ఎలా తెలుస్తుందే?’ అనేది. మొదట్లో కాగితం మీద చిల్లులు ముగ్గు చుక్కల్లా దూరదూరంగా పడేవి. పోనుపోను దగ్గరికి జరిగాయి. రాత్రి భోజనాల దగ్గర నాన్న సాంబారు నోట్లో పెట్టుకుని, ‘ఆ త్రాసు ఒకపూట మనింటికి తెచ్చి, ఉప్పు కూడా దాంతోనే తూచకూడదూ?’ అనేవారు. ‘గ్రౌండ్‌హాగ్‌కి నోరు లేదండీ, మీకుంది’ అనేది అమ్మ.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున, నాలుగు గంటల ప్రయాణం దూరాన పార్సిప్పనీలో ఉండే ప్రమీల ఆంటీ మిస్ డాటీ ఇంటికి ఫోన్ చేసింది. అమ్మ ఎప్పుడూ అక్కడే ఉంటుందని స్నేహితులకి ఆ నెంబరే ఇచ్చింది. అమ్మ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

‘మందు పోస్తున్నా అక్కా. చెయ్యి కదిలితే ఒలికిపోద్ది, తర్వాత చేస్తా.’

అవతల ఆంటీ గొంతు సన్నగా వినబడింది. ‘ఇంత పొద్దున్నేనా శారదా?’

‘పొద్దున్నే అయితేనే చెయ్యి వణకదక్కా.’

వెనకనుంచి మిస్ డాటీ కూడా అందుకుంది: ‘స్లో, సరదా, పోర్ ఇట్ స్లో, హనీ!’

శనివారానికల్లా ప్రమీల ఆంటీ మా గుమ్మంలో ఉంది, చేతిలో పులిహోర గిన్నెతో, ముఖంలో పరామర్శతో. నాన్నని పక్కకి పిలిచి, ఉద్యోగం లేకపోతే ఎవరికైనా డిప్రెషన్ వస్తుందనీ, మనవాళ్ళలో ఇది కొత్త కాదనీ, సిగ్గుపడకుండా హెల్ప్ తీసుకోవాలనీ చెప్పింది. నాన్న అయోమయంగా తల ఊపారు. అది చాలక ఆంటీ నన్ను దగ్గరికి తీసుకుంది.

‘అమ్మ మందు ఎక్కడ పెడుతుందే బుజ్జీ?’

‘మిస్ డాటీ గరాజ్‌లో ఆంటీ. బీరువాలో పెట్టి తాళం వేస్తుంది.’

‘ఎంత పోస్తుందే?’

‘కొంచెమే ఆంటీ. కొలిచి పోస్తుంది. పిసరు ఎక్కువైనా మళ్ళీ వెనక్కి పోసేస్తుంది.’

ఆంటీ కళ్ళు తుడుచుకుంది. నాన్నకి అప్పటికి వెలిగి, నవ్వు ఆపుకోలేక ఆవిడని తిన్నగా గరాజ్‌కి తీసుకెళ్ళారు. బల్లనీ, త్రాసునీ, వరసగా నిలబెట్టిన తూటాల్నీ చూసి ఆంటీ అక్కడున్న స్టూల్ మీద కూలబడింది. ‘ఇదేం మందే తల్లీ! అదే నయమేమోనే!’

అందరం నవ్వాం. నవ్వయ్యాక ఆంటీ ఒక తూటా చేతిలోకి తీసుకుని, ‘ఒక జీవాన్ని చంపడానికా శారదా ఇంత శ్రద్ధ?’ అంది, నొచ్చుకున్నట్టు.

‘చంపడానికైతే కొట్లో దొరికేవి చాలక్కా’ అంది అమ్మ, తూటా ఆవిడ చేతిలోంచి తీసుకుని యథాస్థానంలో పెడుతూ. ‘చంపుతున్నాను, కాదనను. దానికి నొప్పి తెలియకూడదని ఇదంతా. ఆ నమ్మకం కుదరకపోతే రైఫిల్ ముట్టను, క్లోవర్ వేలానికి పోయినా సరే.’

ఆగస్టులో ఒక రోజు కాగితం మీద చిల్లులన్నీ ఒకదాన్నొకటి తాకి, చిట్టిగారె మధ్య చిల్లులా ఒకే చిల్లు పడింది. అమ్మ ఆనందించలేదు. మర్నాడు మళ్ళీ కాల్చి, ఆ మర్నాడు మళ్ళీ కాల్చి, మూడుసార్లూ అలాగే పడ్డాక నాన్నని పిలిచింది. గురి అంటే తెలుగులో నమ్మకం అని కూడా అర్థం. అమ్మకి ఆ రెండూ ఒకే రోజు కుదిరాయి.

రెండో కోత అయిపోయి పొలం పొట్టిగా ఉంది. గాలి లేదు. నాన్న, నేను, మిస్ డాటీ వెనక నిలబడ్డాం. ఎంతసేపటికో కన్నం దగ్గర ఒక తల లేచింది, తర్వాత ఒళ్ళు లేచింది. అమ్మ కాల్చలేదు. అది పక్కకి తిరిగింది, అప్పుడూ కాల్చలేదు. నాన్న నా భుజం పట్టుకున్నారు. అది మళ్ళీ మా వైపు తిరిగి, కదలకుండా నిలబడింది. చప్పుడు మా చెవుల్లో మోగుతుండగానే అది నిలబడ్డ చోటే ఒరిగిపోయింది, ఒక్క కాలు కూడా కదపకుండా. అమ్మ వెంటనే లేవలేదు. తర్వాత అంత దూరమూ నడిచి వెళ్ళి, దాని మీద అరచెయ్యి పెట్టి చూసి, తిరిగొచ్చి, నాన్న పక్కన గడ్డిలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నాన్న ఏ చమత్కారమూ ఆడలేదు.

సెప్టెంబర్ నాటికి మిగతావీ అలాగే నొప్పి తెలియకుండా పోయాక, కన్నాలు పూడ్చి క్లోవర్‌ని వదిలారు. అది మొదట గుమ్మంలో ఆగి నేలని వాసన చూసి, తర్వాత కంచె పొడుగునా పరిగెత్తింది. ఆ ఏడు వినాయక చవితికి అమ్మ చేసిన ఉండ్రాళ్ళు, ఎన్నడూ లేనిది, అన్నీ ఒకే సైజులో వచ్చాయి. రెండు మూడేళ్ళకి గ్రీన్ కార్డు వచ్చింది, అమ్మ పరీక్షలు రాసి మందుల షాపులో చేరింది. రైఫిల్ మిస్ డాటీ మేనల్లుడు తీసుకెళ్ళాడు. ఆవిడా, క్లోవరూ ఇద్దరూ పోయాక పొలం అమ్మేశారు.

ఇప్పుడక్కడ డేటా సెంటర్లు. కిటికీల్లేని బూడిదరంగు గోడలు మైలు పొడుగునా ఉంటాయి. కంచె లేదు, కోసిన గడ్డి వాసన లేదు, మిణుగురు ఒక్కటి కనబడదు. పోయిన నెల అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తూ ఆ దారిన డ్రైవ్ చేస్తుంటే పక్కనే ఇంకొక స్థలం చదును చేస్తున్నారు. యంత్రాలు దోసిళ్ళతో మట్టి ఎత్తి లారీల్లో పోస్తున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగాం. అమ్మ అద్దం దించమంది.

‘తవ్వేముందు లోపలున్నవాటిని ఎవరైనా చూశారంటావా?’

‘తెలీదమ్మా. చూసుంటారులే.’

అమ్మ నా మాట నమ్మలేదు. ఒక్కదానికి కూడా నొప్పి తెలియకూడదని ఒక వేసవంతా గింజ గింజా తూచిన మనిషి, టన్నుల లెక్కన వెళ్ళిపోతున్న ఆ మట్టినే చూస్తూ కూర్చుంది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

‘వీటికి నొప్పి తెలిసే ఉంటుందే’ అంది.